స్తంభానికి అంటిన రంగు: సర్వీసుకు వచ్చిన కారు మా దగ్గరే దెబ్బతిన్న ఒక కేసు

కార్ల డీలర్‌షిప్ సర్వీస్ విభాగంలో వర్క్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. సొట్టలు, గీతల గొడవలు మాకు కొత్త కాదు. చాలావాటిలో నిజం తేలనే తేలదు. ఎవరో ఒకరు సర్దుకుపోతారు, ఫైలు మూసేస్తాం. ఈ కేసులో నిజం పూర్తిగా తేలింది, అందుకే రాస్తున్నాను. అసలు దెబ్బ చిన్నదే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది మేము. అదీ నేను సంతకం పెట్టిన ఒక రూలు వల్ల. కస్టమర్‌ను గానీ, మా సంస్థను గానీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం ఆరోజు నా నోట్‌బుక్‌లో రాసుకున్నవే.

బండి వచ్చిన రోజు

14 నెలల కారు, ముదురు బూడిద రంగు మెటాలిక్. పీరియాడిక్ సర్వీసుతో పాటు వెనక బ్రేకులో కీచుమనే శబ్దం చూడమన్నారు. లోపలికి వచ్చినప్పుడు మీటర్ 21,316, డెలివరీ అప్పుడు 21,325. కారు యజమాని ఒకావిడ. చీకటి పడ్డాక వచ్చి, బిల్లు కట్టి, గేట్‌పాస్ మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ట్యూబ్‌లైట్ల కింద బండి తళతళలాడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చారు. ఎడమవైపు వెనక డోరు చివర మొదలై, చక్రం చుట్టూ ఉండే క్వార్టర్ ప్యానెల్ మీదుగా బంపర్ మూల దాకా రెండు సమాంతర గీతలు. చక్రం పైన అరచేయంత సొట్ట. గీతలు లోతుగా లేవు. ఎవరో అరగదీసినట్టు అంచులు కరిగిపోయి ఉన్నాయి. వాటి చుట్టూ మసక. ఎండలో పక్కనుంచి చూస్తే సాలెగూడు లాంటి వలయాలు.

నేను వచ్చేసరికి అరగంట గడిచింది. ఆ అరగంటలో మా సర్వీస్ అడ్వైజర్ మూడు మాటలు అనేశాడు. మొదటిది, "గేట్‌పాస్ మీద సంతకం పెట్టారు కదా మేడమ్, బండి చూసుకునే తీసుకెళ్లారు." రెండోది, "మీ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసేద్దాం, పేపర్లన్నీ నేనే చూసుకుంటా." మూడోది, "ఒకసారి మీవారితో మాట్లాడించండి." మూడో మాటతో ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సొట్ట సంగతి ఎలా ఉన్నా, ఆ ఒక్క మాటకు ఆరోజు నేను రెండుసార్లు సారీ చెప్పాల్సి వచ్చింది.

రెండో మాట సాయంలా వినిపిస్తుంది కానీ మూడింటిలోకీ ప్రమాదకరమైనది అదే. సొంత పాలసీలో క్లెయిమ్ చేస్తే ఆవిడ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేకుండా గడిపినందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. అంతకన్నా ముఖ్యం, దెబ్బ ఎలా తగిలిందో ఫారమ్‌లో రాయాలి. తనకు తెలియని సంగతి తెలిసినట్టు రాసి సంతకం పెట్టమని మేము కస్టమర్‌కు సలహా ఇస్తున్నట్టే కదా.

జాబ్‌కార్డ్ ఏం చెప్పింది

ఇలాంటి గొడవ రాగానే అందరం జాబ్‌కార్డ్ మీద, అంటే బండి లోపలికి రాగానే దాని పేరున తెరిచే కాగితం మీద, పడతాం. దాని మీద కారు బొమ్మ ఉంటుంది. బండి లోపలికి వచ్చినప్పుడు కస్టమర్ ఎదురుగా నాలుగు వైపులా తిరిగి, ఉన్న గీతలు, సొట్టలు ఆ బొమ్మ మీద గుర్తు పెట్టాలి. ఈ కారు బొమ్మ మీద ఒక్క గుర్తూ లేదు. "అంటే బండి బాగానే వచ్చింది" అన్నారు ఆవిడ. "అంటే చూసే టైమ్ లేకపోయింది" అని అడ్వైజర్ నా చెవిలో అన్నాడు. ఖాళీ బొమ్మతో వచ్చే చిక్కే ఇది. ఏ దెబ్బా లేదని చదవొచ్చు, ఎవరూ చూడలేదనీ చదవొచ్చు.

తేల్చుకోవడానికి ఆ ఉదయం తెరిచిన జాబ్‌కార్డులన్నీ తెప్పించాను. మొత్తం 26. ఒక్క బొమ్మ మీదా ఒక్క గుర్తు లేదు. రోడ్డు మీద తిరిగే 26 కార్లలో ఒక్కదానికీ చిన్న గీత లేదంటే నమ్మేదెవరు? కార్డులు బండి పక్కన నిలబడి కాదు, టేబుల్ దగ్గర కూర్చుని నింపారు. బండి అలాగే వచ్చిందని వాదించడానికి మా చేతిలో కాగితం లేదని అక్కడికి తేలిపోయింది.

కామన్ లా, అంటే ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం, పాటించే దేశాల్లో దీనికి బెయిల్‌మెంట్ అనే పాత సూత్రం ఉంది. నమ్మి అప్పగించిన వస్తువు దెబ్బతింటే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సింది దాన్ని తమ దగ్గర పెట్టుకున్నవాళ్లే. మాలో చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. రుజువు చేయాల్సింది కస్టమరే అనుకుని కూర్చుంటారు. గేట్‌పాస్ సంతకం కూడా అంతే. చీకట్లో, రెండు నిమిషాల్లో, బిల్లు చేత్తో పట్టుకుని పెట్టిన సంతకం బండి అందిందని చెబుతుంది. ఎలా అందిందో చెప్పదు.

మొదట చేసి చెడగొట్టుకున్నవి

మా జనరల్ మేనేజర్ చెప్పినట్టు ముందు రాజీకి ప్రయత్నించాం. "తప్పు ఎవరిదైనా కానీ, గుడ్‌విల్ కింద టచప్ చేసి, వచ్చే సర్వీస్ ఫ్రీ ఇస్తాం." ఇది దాదాపు ఎప్పుడూ పనిచేసే మందు. ఈసారి బెడిసికొట్టింది. "మీ తప్పయితే పూర్తిగా బాగుచెయ్యండి. మీ తప్పు కాకపోతే నాకు ఏదీ ఊరికే వద్దు" అన్నారావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పు సంగతి తేల్చకుండా ఇచ్చే ఉచితం నోరు మూయించడానికి ఇచ్చినట్టే ఉంటుందని ఆరోజే గ్రహించాను.

తర్వాత సీసీటీవీ. ఎంట్రీ గేటు కెమెరాలో కారు వస్తున్నప్పుడు కుడివైపే కనిపించింది. వర్క్ బేలన్నిటికీ కెమెరాలున్నాయి. వాషింగ్ షెడ్డుకు లేదు. అక్కడ నీళ్లు పడతాయని ఎప్పుడో తీసేశారట. ఎగ్జిట్ గేటు కెమెరాలో ఎడమవైపు కనిపించింది గానీ హెడ్‌లైట్ల వెలుగుకు అంతా తెల్లగా పోయింది. కెమెరాలు చూస్తూ ఒక పూటంతా పోగొట్టుకున్నాను. బండిని చూసుంటే గంటలో అయిపోయేది.

ఆవిడ దగ్గర ఒక ఫొటో ఉంది. సర్వీసుకు నాలుగు రోజుల ముందు డిక్కీలో సామాను పెడుతున్నప్పుడు తీసింది. ఎడమ మూల శుభ్రంగా ఉంది. "నాలుగు రోజుల్లో ఎక్కడైనా తగిలుండొచ్చు కదా సార్" అన్నాడు అడ్వైజర్. నిజమే, తగిలుండొచ్చు. కానీ మా దగ్గర నాలుగు నిమిషాల ఆధారం కూడా లేనప్పుడు ఆవిడ నాలుగు రోజుల ఆధారాన్ని చిన్నచూపు చూసే హక్కు మాకెక్కడిది?

ఆవిడకు ఇంకో అనుమానం కూడా ఉంది. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కడ తిప్పారు, ఎవరైనా సొంత పనికి వాడుకున్నారా అని. దీనికి మాత్రం జవాబు దొరికింది. బ్రేక్ శబ్దం కోసం పనికి ముందొకసారి, తర్వాతొకసారి రోడ్ టెస్ట్ చేశారు, ఒక్కోటి 4 కిలోమీటర్లు. మిగిలిన కిలోమీటరు యార్డులో తిరిగింది. టెస్ట్ రిజిస్టర్‌లో టైములు రాసున్నాయి. రిజిస్టర్ తెచ్చి చూపించాను. ఒక్క విషయంలోనైనా మా కాగితం నిలబడటం వల్ల తర్వాత మేము చెప్పినవాటికి కాస్త విలువ వచ్చిందనుకుంటాను.

బండి చెప్పిన సాక్ష్యం

మధ్యాహ్నం టేపు, టార్చి, పెయింట్ మందం కొలిచే గేజ్ పట్టుకుని కారు దగ్గర కూర్చున్నాను. చక్రం పైన ప్యానెల్ అంచు లోపలికి మడిచి ఉండే చోట రంగు పెచ్చులూడి ఇనుము బయటపడింది. ఆ ఇనుము తెల్లగా మెరుస్తోంది. బండిని నీళ్లతో కడిగారు, రాత్రంతా బయట ఉంది, అయినా తుప్పు మచ్చ లేదు. నాలుగు రోజుల కిందటి దెబ్బయితే ఈపాటికి అంచుకు ఎర్రగా పట్టే అవకాశమే ఎక్కువ. నాలుగు రోజుల వాదన అక్కడితో చాలా బలహీనపడింది.

గీతలు నేల నుంచి 54, 61 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. డోరు వైపు సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ వెడల్పయ్యాయి. లేచిన రంగు కూడా వెనకవైపే పోగుపడింది. అంటే బండి ముందుకు కదులుతూ ఎడమకు తిరిగింది, స్టీరింగ్ మరీ తొందరగా తిప్పేశారు. ముందు చక్రాలు తప్పించుకున్న అడ్డాన్ని బండి వెనక భాగం వెళ్లి రాసుకుంది. రివర్స్‌లో తగిలిన దెబ్బ ఇలా ఉండదు.

తర్వాత గేజ్. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. కుడి క్వార్టర్ ప్యానెల్ మీద 116 నుంచి 124 వచ్చింది. ఎడమవైపు గీతలకు దూరంగా కూడా అంతే. గీతల చుట్టూ మాత్రం 84, 88, 92. గట్టి వస్తువుకు రాసుకున్న చోట గీత లోతుగా పడుతుంది కానీ చుట్టూ జానెడు మేర సమానంగా 30 మైక్రాన్లు తగ్గదు. ఎవరో మెషిన్ పెట్టి రుద్దారు. రంగు పైనుండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, మందమే సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండ నుంచి రంగును కాపాడేది అదే. సగానికి పైగా ఎగిరిపోయింది.

గీత ఎలా పడిందో ఇంకా తెలియదు. కానీ దాన్ని దాచాలని చూసినవాళ్లు మా షెడ్డులోనే ఉన్నారని గేజ్ చెప్పేసింది. సాలెగూడు వలయాలు బఫింగ్ మెషినువి, అంటే గుండ్రంగా తిరుగుతూ రుద్ది మెరిపించే మెషినువి. రాత్రికి రాత్రి ఇంట్లో బఫింగ్ చేసుకుని పొద్దున్నే మా మీదికి ఎవరొస్తారు?

చివరగా డోరు కింది రబ్బరు బీడింగ్‌ను గోటితో పక్కకు లాగి చూశాను. లోపల సన్నటి పసుపు పొడి. బఫింగ్ ప్యాడ్ అక్కడికి వెళ్లదు. పసుపు రంగు మా యార్డులో ఒకేచోట ఉంది. వాషింగ్ షెడ్డు నుంచి బయటికొచ్చి ఎడమకు తిరిగే మలుపులో, పసుపు-నలుపు చారలు వేసిన స్తంభం. టేపు తీసుకెళ్లి పెట్టాను. 54 దగ్గర ఒక బూడిద రంగు గీత, 61 దగ్గర ఇంకొకటి. వేలితో తాకితే మెటాలిక్ రజను అంటింది.

షెడ్డులో మాటలు

వాషింగ్, పాలిషింగ్ కుర్రాళ్లందరినీ ఒకచోట నిలబెట్టి అడిగాను. అది నా తప్పు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. పదిమందిలో పక్కవాణ్ణి ఎవడు పట్టిస్తాడు? గంటాగి ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. ఈసారి ముందే చెప్పాను: "దీనికి ఎవరి జీతంలోంచీ పైసా కట్ అవదు. ఏం జరిగిందో మాత్రం నాకు కావాలి." పాలిషింగ్‌లో అందరికన్నా పాతవాడు ఆ మాట రాసిస్తారా అని అడిగాడు. జాబ్‌కార్డ్ వెనక రాసి సంతకం పెట్టాను. అప్పుడు చెప్పాడు.

యార్డులో బండ్లు కదపాల్సిన డ్రైవర్ భోజనానికి వెళ్లాడు. వెనక నాలుగు బండ్లు ఆగిపోయాయి, ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ కేకలేస్తున్నాడు. తాళం బండిలోనే ఉంది. చేరి నెలయినా కాని వాషింగ్ కుర్రాడు స్టీరింగ్ పట్టుకున్నాడు. వాడికి బండి కదిపే పర్మిషన్ లేదు. రాసుకున్నాక ఏడుస్తూ కూర్చుంటే ఈ పాతవాడే జాలిపడి, గీతలు అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ అనే పేస్టు పెట్టి ఇరవై నిమిషాలు బఫింగ్ చేశాడు. "రాత్రి డెలివరీ కదా సార్, కనబడదనుకున్నాం."

ముందే నాకెందుకు చెప్పలేదని అడిగాను. "పోయిన నెల అద్దం పగిలితే ఒకడికి సగం జీతం పోయింది కదా సార్" అన్నాడు. బండికి దెబ్బ తగిలించినవాడి దగ్గరే ఖర్చు వసూలు చేయాలన్న సర్క్యులర్ మూడేళ్ల కిందట నేను పెట్టిందే. జాగ్రత్త పెరుగుతుందని పెట్టాను. ఆ మూడేళ్లలో షెడ్డు నుంచి ఒక్క దెబ్బ రిపోర్టూ రాలేదు. రూలు పనిచేస్తోందని మురిసిపోయాను. అద్దం సంగతి కూడా పగిలిన అద్దం దాచడం కుదరక బయటికొచ్చిందే.

కస్టమర్‌కు ఎంత చెప్పాలి

ఇక్కడ మా జనరల్ మేనేజర్‌కూ నాకూ వాదన జరిగింది. దెబ్బ మాదేనని ఒప్పుకుందాం, బాగుచేసి ఇద్దాం, బఫింగ్ సంగతి ఎందుకు, ఆవిడ అడగలేదు కదా అన్నారాయన. ఆయన మాటలోనూ పాయింటు ఉంది. దెబ్బ తగలడం ప్రమాదం. దాచడం మోసం. మోసాన్ని నోటితో ఒప్పుకుంటే రేపు ఏ లాయర్ నోటీసులోనైనా మన మాటే మనకు తిరిగొస్తుంది.

నేను రెండు కారణాలు చెప్పాను. క్లియర్ కోట్ పల్చబడిన చోట ఏడాదో రెండేళ్లో తిరిగాక రంగు వెలుస్తుంది. అప్పుడు ఇంకో పెయింటర్ గేజ్ పెడితే ఈరోజు నేను చూసిందే ఆయనా చూస్తాడు. రెండోది, రిపేర్ ఎంతవరకు చేయాలన్నదే బఫింగ్ మీద ఆధారపడింది. సొట్ట, గీతలకే అయితే క్వార్టర్ ప్యానెల్, డోరు అంచు చాలు. రుద్దిన మేర డోరు మీద ఇంకా ముందుకు పాకింది. డోరంతా ఎందుకు పెయింట్ వేస్తున్నారని ఆవిడ అడిగితే అబద్ధం ఇంకొకటి కావాలి. ఆయన ఒప్పుకోలేదు గానీ ఆపలేదు కూడా.

సాయంత్రం ఆవిడను స్తంభం దగ్గరికే తీసుకెళ్లాను. టేపు పెట్టి రెండు గీతలూ చూపించాను. గేజ్ ఆవిడ చేతికే ఇచ్చి కుడివైపు, ఎడమవైపు కొలవమన్నాను. ఎవరు నడిపారు, ఎవరు రుద్దారు, ఎందుకు దాచారు, అన్నీ చెప్పాను, పేర్లు తప్ప. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ఆ అబ్బాయి ఉద్యోగం తీసేస్తారా?" తీసేయనని చెప్పాను. రెండో ప్రశ్న రిపేర్ గురించి.

రిపేర్‌లో చిక్కులు

బంపర్ మూల పైకి చిన్న గీతే. రంగేస్తే పోతుందన్నారు మా బాడీషాప్ వాళ్లు. కానీ ఈ మోడల్‌లో పక్కనుంచి వచ్చే బండిని కనిపెట్టి అద్దంలో లైటు వెలిగించే రాడార్ సెన్సర్ సరిగ్గా ఆ మూల వెనకే ఉంటుంది. ప్లాస్టిక్ బంపర్ నొక్కుకుని తిరిగి పైకి వచ్చేస్తుంది. దాని వెనకున్న బ్రాకెట్ రాదు. విప్పి చూస్తే బ్రాకెట్ వంగింది. డాష్‌బోర్డులో వార్నింగ్ లేదు, స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ లేదు. సెన్సర్ పనిచేస్తూనే ఉంది, చూడాల్సిన చోటుకు కాస్త పక్కగా చూస్తోంది. కోడ్ లేదు కాబట్టి సమస్య లేదనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. పైగా రాడార్ ముందుండే భాగంలో పుట్టీ పెట్టినా, పెయింట్ మీద పెయింట్ దట్టించినా సిగ్నల్ దెబ్బతింటుంది. అందుకే బంపర్ రిపేర్ వద్దని, కొత్త బంపర్, కొత్త బ్రాకెట్ వేసి, రాడార్ కాలిబ్రేషన్, అంటే అది చూడాల్సిన చోటికే చూసేలా సరిచేయడం, చేయించాం.

మా సంస్థకు లయబిలిటీ పాలసీ, అంటే మా వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, ఉంది గానీ క్లెయిమ్‌లో మేము భరించాల్సిన వాటానే రిపేర్ ఖర్చు కన్నా ఎక్కువ. సొంతంగానే పెట్టుకున్నాం. ఆవిడకు వాడుకోవడానికి మరో కారు ఇచ్చాం.

శనివారానికి ఇస్తానని మాటిచ్చాను. శుక్రవారం సాయంత్రం పెయింట్ బూత్ నుంచి బండి బయటికొచ్చింది. లోపలి లైట్ల కింద బ్రహ్మాండంగా ఉంది. వాలు ఎండలోకి తీయించాను. క్వార్టర్ ప్యానెల్ ఒక రంగు, డోరు ఇంకో రంగు. మెటాలిక్ పెయింట్‌లో అల్యూమినియం రేకులు ఎటు ఒరిగితే అటు వెలుగు మారుతుంది. అందుకే రంగు కోడ్ ఒకటే అయినా రంగును పక్క ప్యానెల్ మీదికి కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పోవాలి. శనివారం డెలివరీ అని నేను పెట్టిన తొందరకు ఆ కలపడం సగంలో వదిలేశారు. డోరుకు క్లియర్ కోట్ మాత్రమే కొట్టి ఊరుకున్నారు.

మాట తప్పడమా, రెండు రంగుల బండి ఇవ్వడమా? ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వారు. "నేను కనిపెట్టకముందే మీరు చెప్పిన మొదటి మాట ఇది" అన్నారు. డోరు, ప్యానెల్ రెండూ మళ్లీ చేయించాం. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది.

డెలివరీ మిట్టమధ్యాహ్నం, ఆరుబయట. పని ముందు, పని తర్వాత గేజ్ రీడింగులు, మార్చిన పార్టులు, కాలిబ్రేషన్ రిపోర్టు, దెబ్బ మా యార్డులోనే తగిలిందన్న ఒక వాక్యం, అన్నీ మా లెటర్‌హెడ్ మీద ఇచ్చాం. రేపు బండి అమ్మేటప్పుడు గేజ్‌లో మందం ఎక్కువొస్తే పెద్ద యాక్సిడెంట్ బండి అనుకుంటారు. ఆ అనుమానానికి ఆవిడ చూపించడానికి ఈ కాగితం. ఆ రెండు ప్యానెళ్ల పెయింట్‌కు రాతపూర్వకంగా వారంటీ కూడా ఇచ్చాం. కొత్త పెయింట్ పూర్తిగా గట్టిపడే దాకా నెలరోజులు వ్యాక్స్ పెట్టొద్దని, బ్రష్ మెషిన్ల కింద కడిగించొద్దని చెప్పి పంపాం. రీసేల్‌లో తగ్గే విలువకు డబ్బు ఇమ్మని అడిగారు. దానికి మా మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. అది అన్యాయమైన కోరిక అని నేను అనుకోను. తర్వాతి సర్వీసుకు ఆవిడ మా దగ్గరికి రాలేదు.

తర్వాత మార్చినవి

జీతం కోత సర్క్యులర్ తీసేశాను. దాని బదులు ఒకటే షరతు: దెబ్బ తగిలిన గంటలోపు చెబితే ఏమీ లేదు, దాస్తే మాత్రం నాతో మాట్లాడాలి. పర్మిషన్ లేనివాళ్లు బండి కదపకుండా తాళాలు లాక్ బాక్స్‌లోకి వెళ్లాయి. యార్డు డ్రైవర్ భోజనానికి వెళ్తే బదులు ఎవరో బోర్డు మీద రాస్తున్నారు. వాషింగ్ షెడ్డు బయట, నీళ్లు పడని చోట కెమెరా వచ్చింది. జాబ్‌కార్డ్ బొమ్మతో పాటు నాలుగు మూలల నుంచి ఫొటోలు, కస్టమర్ ఉండగానే. అడ్వైజర్లు టైమ్ లేదని గొణిగారు. ఉదయం రద్దీలో బండికి మూడు నిమిషాలు ఎక్కువ పడుతున్న మాట నిజమే. దానికి స్లాట్లు సర్దాల్సి వచ్చింది, ఇంకా పూర్తిగా కుదరలేదు.

మొదటి రెండు నెలల్లో షెడ్డు నుంచి 11 రిపోర్టులు వచ్చాయి. మూడేళ్లలో సున్నా, రెండు నెలల్లో 11. మీటింగ్‌లో జనరల్ మేనేజర్ ఆ అంకె చూసి, రూలు తీసేస్తే ఇలాగే అవుతుందని ముందే చెప్పానన్నారు. ఆ మూడేళ్లలో వాషింగ్ షెడ్డులో రబ్బింగ్ కాంపౌండ్ డబ్బాలకైన ఖర్చు, ఈ రెండు నెలల ఖర్చు పక్కపక్కన పెట్టి చూపించాను. నెలవారీ వాడకం సగానికి పడిపోయింది. అంటే ఇదివరకు దెబ్బలు తగల్లేదని కాదు, రుద్ది దాచేవాళ్లనే. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాతి అంశం ఏమిటన్నారు.

స్తంభానికి నడుము ఎత్తు దాకా దట్టమైన రబ్బరు పట్టీ చుట్టించాం. దాని మీద ఇప్పటికి ఎరుపు, తెలుపు, నీలం గీతలు మూడు పడ్డాయి. మూడింటికీ రిజిస్టర్‌లో తేదీ, టైము, పేరు ఉన్నాయి. నీలం గీత పక్కనున్న పేరు ఆ కుర్రాడిదే. ఇప్పుడు వాడికి బండి కదిపే పర్మిషన్ ఉంది.